గుంటూరు బ్యాండ్, ఏలూరు రోడ్డు స్టూడియో: నాలుగు రాక్ పాటల మిక్స్ మీద రివ్యూ

విషయం ముందే చెప్పేస్తాను. విజయవాడ ఏలూరు రోడ్డు పక్క సందులో, రెండో అంతస్తులో ఉన్న ఈ స్టూడియోలో రికార్డింగ్ చాలా బాగా చేస్తారు. మొదట ఇచ్చిన మిక్స్ (విడివిడిగా తీసిన గొంతు, వాయిద్యాలు కలిపి కూర్చిన పాట) మాత్రం రాక్ బ్యాండ్‌కి పనికొచ్చేది కాదు. ఫీడ్‌బ్యాక్ పద్ధతిగా రాసి పంపాక వచ్చిన రెండో మిక్స్ విని నిజంగా ఆశ్చర్యపోయాను, ఎందుకంటే అదే మనిషి, అవే స్పీకర్లు, దాదాపు అవే ట్రాకులు. అందుకే ఈ రివ్యూలో సగం స్టూడియో గురించి, సగం వాళ్లకి ఏం చెబితే ఏం మారింది అన్న దాని గురించి. మన దగ్గర సొంత పాటలు రాసుకునే బ్యాండ్లు పెరుగుతున్నాయి, మిక్స్ నచ్చకపోతే "ఏదో తేడాగా ఉందన్నా" అని ఒక్క ముక్క అనేసి, మిగతా డబ్బులు కట్టేసి వచ్చేస్తున్నారు. ఎంతో కష్టపడి వాయించిన పాట అలా సగంలో ఆగిపోవడం చూస్తే నాకు బాధగా ఉంటుంది.

బ్యాండ్ గుంటూరుది, బ్రాడీపేట కుర్రాళ్లు. పాట, గిటార్, బాస్, డ్రమ్స్, అంతే, కీబోర్డ్ లేదు. నేను షోలకి లైవ్ సౌండ్ చూస్తుంటాను కాబట్టి మిక్స్ రాగానే నాకు పంపి చెప్పమన్నారు. స్టూడియో పేరు రాయడం లేదు, ఎందుకంటే ఇందులో లోపాలు కూడా రాస్తున్నాను, పైగా అవి ఈ ఒక్క స్టూడియోవి కావు, విజయవాడ, గుంటూరులో నేను చూసిన చాలా చోట్ల ఇదే కథ.

ముందు రికార్డింగ్. డ్రమ్స్‌కి ఎనిమిది మైకులు పెట్టారు: కిక్‌కి (కాలితో కొట్టే పెద్ద డ్రమ్) ఒకటి, స్నేర్‌కి (కింద తీగలుండే డ్రమ్) పైనా కిందా, రెండు టామ్‌లకి, హై-హ్యాట్‌కి, పైన ఓవర్‌హెడ్లు రెండు. మైకులు పెట్టడం ఎవరైనా పెడతారు, ఇక్కడి ఇంజనీర్ ముందు డ్రమ్స్ ట్యూన్ చేయించాడు, అది నాకు బాగా నచ్చింది. స్నేర్ కింద తీగలు వదులుగా ఉండి టామ్ కొట్టినప్పుడల్లా గరగరమంటుంటే ఓపిగ్గా కూర్చుని సరిచేశాడట. గిటార్‌ని యాంప్ ముందు ఎస్‌ఎమ్-57 మైకు పెట్టి తీసుకున్నారు, దాంతోపాటు యాంప్‌కి వెళ్లకముందు సిగ్నల్‌ని కూడా విడిగా దాచారు, అంటే రేపు టోన్ నచ్చకపోతే అదే వాయింపుని మళ్లీ ఇంకో యాంప్ గుండా పంపించుకోవచ్చు. ఇవన్నీ అడగకుండానే చేశారు. గొంతు రికార్డింగ్ అయితే నేను వంక పెట్టలేను.

గొంతు ఎందుకంత బాగా తీస్తారో ఆలోచిస్తే అర్థమవుతుంది. 1948లో ఆకాశవాణి కేంద్రం మొదలైన ఊరు ఇది, నాటకాలు, భక్తిరంజని వింటూ పెరిగిన ఊరు. ఇప్పుడు ఈ స్టూడియోలకి ఏడాది పొడవునా పని ఇచ్చేవి క్రైస్తవ గీతాలు, అయ్యప్ప పాటలు, జానపదాలు, ఎన్నికలొస్తే పార్టీ పాటలు. వీటన్నిటిలోనూ గొంతే పాట. ప్రతి అక్షరం వినబడాలి, వెనక వాయిద్యం ఒద్దికగా ఉండాలి. ఆ పని ఈయనకి వచ్చినంత బాగా చాలామందికి రాదు. కానీ అదే చెయ్యి అలవాటుగా రాక్ పాట మీద పడితే ఏమవుతుందో మొదటి మిక్స్‌లో విన్నాం. గొంతు ముఖం మీదకొచ్చి కూర్చుంది, గిటార్లు పెళ్లి వీడియో వెనక వేసే మ్యూజిక్‌లా ఎక్కడో దూరంగా ఉన్నాయి, డ్రమ్స్‌లో కిక్ ఒక్కటే దబ్‌మని తగులుతోంది. రాక్‌లో రిఫ్ (గిటార్ మీద మళ్లీ మళ్లీ వచ్చే చిన్న బాణీ) పాటంత ముఖ్యం, కొన్నిసార్లు పాటకంటే ముఖ్యం, గొంతు గిటార్ల మధ్యలో నిలబడి వాటితో తలపడుతున్నట్టు ఉండాలి.

మరి ఆ మాట ఎలా చెప్పాలి? కుర్రాళ్లు అప్పటికే వాట్సాప్‌లో తలో మాట పెట్టేశారు. గిటారిస్ట్ గిటార్ పెంచమన్నాడు, బాసిస్ట్ బాస్ పెంచమన్నాడు, డ్రమ్మర్ "పంచ్ లేదన్నా" అన్నాడు. అన్నీ పెంచితే ఏదీ పెరగదు కదా. ఇంజనీర్ కూడా విసుక్కున్నాడు, అందులో ఆయన తప్పేమీ లేదు. అందుకని అందరూ విడివిడిగా విని రాసుకున్నది ఒకచోట చేర్చి, ఒక్కరే పంపేలా పెట్టుకున్నాం. ప్రతి మాటకి నిమిషం, సెకను వేసి, అక్కడ ఏం వినబడుతోందో రాశాం, ఏ బటన్ తిప్పాలో రాయలేదు. ఇది చాలా ముఖ్యం అని నా నమ్మకం. "3 కిలోహెర్ట్జ్ దగ్గర తగ్గించండి" అని (హెర్ట్జ్ అంటే శబ్దం ఎంత లావో, ఎంత సన్నమో చెప్పే లెక్క) రాస్తే ఆయన తగ్గిస్తాడు, అసలు సమస్య అక్కడ లేకపోతే అలాగే ఉండిపోతుంది. "1:12 దగ్గర కోరస్ మొదలవగానే పాట పెద్దదవ్వాల్సింది పోయి చిన్నదైంది" అని రాస్తే ఎందుకలా అయిందో ఆయనే వెతుక్కుంటాడు.

వెతికాడు కూడా. కోరస్ (పాటలో మళ్లీ మళ్లీ వచ్చే భాగం) చిన్నదవడానికి కారణం గిటార్లు. ఒక్క టేక్‌నే (ఒకసారి వాయించినదాన్నే) కాపీ చేసి, ఒకటి ఎడమకి, ఇంకోటి కొద్ది మిల్లీసెకన్లు జరిపి కుడికి పెట్టారు. హెడ్‌ఫోన్స్‌లో వెడల్పుగానే అనిపిస్తుంది. ఒకే స్పీకర్ ఉన్న చిన్న బ్లూటూత్ డబ్బాలో పెడితే ఎడమ, కుడి కలిసిపోయి, ఆ రెండు కాపీలూ కొన్ని ఫ్రీక్వెన్సీల దగ్గర ఒకదాన్నొకటి చంపుకుంటాయి, గిటార్ బోలుగా, సన్నగా అయిపోతుంది. మన జనం పాటలు వినేది ఎక్కువగా ఫోన్లలో, అలాంటి డబ్బాల్లోనే. రాక్ రికార్డింగుల్లో గోడలా వినబడే గిటార్లకి మామూలుగా వాడే దారి ఒకటే, అదే భాగాన్ని గిటారిస్ట్ రెండోసారి నిజంగా వాయించాలి. రెండు వాయింపుల్లో ఉండే చిన్న చిన్న తేడాలే ఆ వెడల్పు. ఈ మాట చెప్పగానే ఇంజనీర్ వాదించలేదు, "పిల్లాణ్ణి రమ్మనండి, వాయించి వెళ్లమనండి, టైమ్‌కి డబ్బులొద్దు" అన్నాడు. గుంటూరు నుంచి బస్సులో గంట, గంటంబావు. కుర్రాడు సాయంత్రం వెళ్లి నాలుగు పాటలకీ రెండో గిటార్ వాయించి వచ్చాడు. అంతే, కోరస్‌లు తెరుచుకున్నాయి.

స్నేర్ సంగతి కూడా చెప్పాలి. మొదటి మిక్స్‌లో స్నేర్ సన్నగా, ఒళ్లు లేకుండా ఉంది, దాన్ని దాచడానికి రివర్బ్ (గదిలో మోగినట్టుండే ప్రతిధ్వని) పోశారు. పుల్ల పడగానే పై తోలు పై మైకుకి దూరంగా వెళ్తుంది, కింది తోలు కింది మైకు వైపుకి వస్తుంది, అంటే రెండు మైకులూ ఒకే దెబ్బని తిరగేసి వింటాయి. కలిపితే లావు భాగం కొట్టుకుపోతుంది. కింది మైకు ట్రాక్‌లో శబ్దాన్ని తిరగేసే ఫేజ్ బటన్ తిప్పితే చాలు. మేం ఫేజ్ అనే మాట కూడా రాయలేదు, "రెండో పాట మొత్తం స్నేర్‌లో పై శబ్దమే ఉంది, దెబ్బ లేదు" అని రాశాం. ఆయన చూసుకుని తిప్పాడు, రివర్బ్ తనే తగ్గించాడు. పెద్ద మార్పు, ఒక్క బటన్.

బాస్ దగ్గరే ఎక్కువ కాలం పట్టింది, ఎందుకంటే ఒక్కొక్కరికి ఒక్కోలా వినబడింది. కారులో విన్నవాడికి బాస్ ఊపేస్తోంది, ఫోన్లో విన్నవాడికి బాస్ అసలు లేదు. ఇద్దరూ చెప్పింది నిజమే. వీళ్లు లావు తీగని డి అనే స్వరానికి దించి వాయిస్తారు, గిటార్‌లో అది 73 హెర్ట్జ్, బాస్‌లో దానికి సగం, 37 దగ్గర. ఫోన్ స్పీకర్ అంత కిందికి ఎక్కడ వెళ్తుంది, 200 కిందే దానికి ఊపిరాడదు. కాబట్టి ఫోన్లో బాస్ వినబడాలంటే ఫేడర్ (వాల్యూమ్ మీట) పెంచితే లాభం లేదు, కారు అద్దాలు అదురుతాయి అంతే. బాస్ మధ్య భాగం, 700 నుంచి కిలోహెర్ట్జ్ దాకా ఉండే ఆ గరుకు, వేళ్లు తీగ మీద పడే చప్పుడు, అది పైకి తేవాలి. కొంచెం డిస్టార్షన్ కలిపితే వస్తుంది. ఇంకో పక్క కిక్ సినిమా డ్యాన్స్ పాటల్లోలా లోతుగా, పొడుగ్గా సాగుతోంది, అది బాస్ చోటుని తినేస్తోంది. మేం రాసింది (వర్స్ అంటే చరణం): "వర్స్‌లో కిక్ ఎక్కడ ఆగుతుందో, బాస్ ఎక్కడ మొదలవుతుందో తెలియడం లేదు." రెండో మిక్స్‌లో కిక్‌ని పొట్టిగా చేసి, పైన 3, 4 కిలోహెర్ట్జ్ దగ్గర దెబ్బ శబ్దాన్ని తెచ్చాడు, కిక్ పడినప్పుడల్లా బాస్ రవ్వంత తగ్గేలా కంప్రెసర్ పెట్టాడు. ఇప్పుడు చిన్న స్పీకర్లో కూడా బాసిస్ట్ ఏం వాయిస్తున్నాడో తెలుస్తోంది. ఆ కుర్రాడు మంచి లైన్లు వాయించాడు, అవి వినబడకుండా పోయి ఉంటే అన్యాయం.

ఇక్కడే స్టూడియో లోపం ఒకటి. వినే స్పీకర్లు యమహావి, ఎనిమిది అంగుళాలవి, బాగానే ఉంటాయి, కానీ ఆయన వాటిని చాలా గట్టిగా పెట్టుకుని మిక్స్ చేస్తాడు. మన చెవి తక్కువ వాల్యూమ్‌లో బాస్‌ని తక్కువగా, ఎక్కువ వాల్యూమ్‌లో ఎక్కువగా వింటుంది, ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లోనే దీన్ని కొలిచి గీతలు గీసి పెట్టారు. గదిలో అదరగొట్టిన మిక్స్ ఇంటికొచ్చేసరికి చప్పబడేది అందుకే. మీరు స్టూడియోలో కూర్చుని వింటే మాత్రం, పక్కవాడితో మామూలుగా మాట్లాడుకోగలిగేంత వాల్యూమ్‌కి తగ్గించమని అడగండి, అప్పుడే చెప్పండి నచ్చిందో లేదో. పాత మిక్స్, కొత్త మిక్స్ పోల్చేటప్పుడు రెండూ ఒకే వాల్యూమ్‌లో ఉన్నాయో లేదో చూసుకోండి, ఒకటి రెండు డెసిబెల్స్ ఎక్కువున్నదే మన చెవికి బాగున్నట్టు అనిపిస్తుంది. అక్కడ ఒక చిన్న స్పీకర్ కూడా పెట్టుకుంటే బాగుంటుంది. 1978లో వచ్చిన యమహా ఎన్‌ఎస్-10 నిజానికి ఇళ్ల కోసం తయారైంది, బాస్ తక్కువ, వినడానికి మోటుగా ఉంటుంది, మధ్య భాగంలో తప్పులు దాచదనే చాలా స్టూడియోలు దాన్ని బల్ల మీద పెట్టుకున్నాయి.

ఇక గొంతు. మూడు పాటల్లో గొంతు తగ్గించమన్నాం, ఒకదాంట్లో వద్దన్నాం. ఆ ఒక్కటీ 2024 సెప్టెంబర్ బుడమేరు వరద మీద రాసిన పాట. సింగ్‌నగర్‌లో మేడల మీద నిలబడి పడవ కోసం ఎదురుచూసినవాళ్ల మాటలు అందులో ఉన్నాయి, ఒక్క మాట మునిగినా పాట పోతుంది. దాంట్లో ఈయన అలవాటు సరిగ్గా సరిపోయింది, గొంతు ముందుంది, వర్స్‌లో గిటార్ దారి ఇచ్చింది. కానీ పిచ్ సరిచేసే ప్లగిన్ వేసేశాడు, అది అలవాటుగా అన్ని పాటలకీ వేస్తారు. వరద పాట చివర్లో సింగర్ దాదాపు అరుస్తాడు, ఆ అరుపు శ్రుతికి కాస్త కింద నుంచి జారుతూ పైకి వస్తుంది, దాన్ని మెట్ల మీద నిలబెట్టినట్టు సరిచేస్తే బాధ మొత్తం తుడిచిపెట్టుకుపోయింది. తీసేయమన్నాం. ఇంజనీర్‌కి మొదట నచ్చలేదు, "శ్రుతి తప్పిందంటారండీ విన్నవాళ్లు" అన్నాడు. తీసేసి వినిపించాక ఒక నిమిషం ఏమీ మాట్లాడలేదట, తర్వాత "ఇలాగే ఉంచుదాం" అన్నాడట. ఇలాంటి మనిషి దొరకడం కష్టం, అందుకే ఇంత రాస్తున్నాను.

తెలుగులో పాడేవాళ్లు గొంతు విషయంలో రెండు చూసుకోవాలి. ఒకటి స, శ, ష, చ. ఇవి 5 నుంచి 8 కిలోహెర్ట్జ్ మధ్యలో చెవిని గీకుతాయి, డీ-ఎస్సర్‌తో తగ్గిస్తారు, ఎక్కువ తగ్గిస్తే "సముద్రం" అన్నది నాలుక మడతపడినట్టు వినబడుతుంది. మొదటి పాటలో అదే జరిగింది. రెండోది రివర్బ్. మన మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి, పాటలో లైన్ చివర ఆ అచ్చుని సాగదీస్తాం, దాని మీద పొడుగు రివర్బ్ వేస్తే ఆ తోక వెళ్లి తర్వాత లైన్ మొదటి మాట మీద పడుతుంది. ఇంగ్లిష్ పాటల కోసం తయారుచేసి పెట్టిన సెట్టింగ్ వాడితే మనకి కుదరనిది ఇక్కడే. మేం "0:48లో 'నీళ్లు' అన్న మాట ముందు లైన్ తోకలో మునిగింది" అని రాస్తే, రివర్బ్ కుదించి, గొంతు తర్వాత కొన్ని మిల్లీసెకన్లు ఆగి మొదలయ్యేలా పెట్టాడు, సాగే చోట్ల డిలే (మాట కాసేపటికి తిరిగి వినబడేలా చేసేది) వాడాడు. బ్రహ్మాండంగా కుదిరింది.

లౌడ్‌నెస్ గురించి గొడవే అయింది అనుకోండి. మొదటి మిక్స్ లిమిటర్ (శబ్దం ఒక హద్దు దాటకుండా ఆపేది) వేసి నొక్కేసి ఇచ్చారు, వేవ్‌ఫామ్ చూస్తే ఇటుకలా ఉంది, డ్రమ్స్‌లో ఎత్తుపల్లాలు లేవు. గట్టిగా ఉంటేనే కస్టమర్లకి నచ్చుతుంది అని ఆయన అన్నాడు, పండగ మైకుల్లో మోగే పాటలకి అది నిజమే కావచ్చు. కానీ యూట్యూబ్, స్పాటిఫై రెండూ గట్టిగా ఉన్న పాటని సుమారు మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (పాట ఎంత గట్టిగా ఉందో కొలిచే లెక్క) దగ్గరికి దించేస్తాయి. దించాక మిగిలేది నొక్కుడు ఒక్కటే. లిమిటర్ లేకుండా, కాస్త ఖాళీ ఉంచి ఇవ్వమన్నాం, మాస్టరింగ్ (విడుదలకి ముందు చేసే ఆఖరి సవరణ) తర్వాత చూసుకుంటారు. ఇచ్చాడు.

చిన్న చిన్నవి. మొదటిసారి పాటలు వాట్సాప్‌లో మామూలు ఆడియోగా పంపారు, సింబల్స్ (డ్రమ్స్‌లోని లోహపు పళ్లేలు) అన్నీ నీళ్లలో తడిసినట్టున్నాయి, అలాంటి ఫైల్ మీద ఫీడ్‌బ్యాక్ ఇవ్వకండి, కుదించని వేవ్ ఫైల్ డాక్యుమెంట్‌గానో డ్రైవ్ లింక్‌గానో అడగండి. రికార్డింగ్ గంట లెక్క, మిక్సింగ్ పాట లెక్క, పాటకి రెండు సవరణల వరకు అదే డబ్బులో వస్తాయి, ఇది అడ్వాన్స్ ఇచ్చే ముందే అడిగి ఖాయం చేసుకోండి. విడివిడి ట్రాకులన్నీ మంచి నాణ్యతలో (24 బిట్, 48 కిలోహెర్ట్జ్), ఏ ట్రాక్ ఏమిటో పేర్లు పెట్టి మరీ హార్డ్ డిస్క్‌లో ఇచ్చారు, దానికి అదనంగా తీసుకోలేదు, చాలా మంచి పద్ధతి. బండి పెట్టుకోవడానికి చోటు లేదు, లిఫ్ట్ లేదు, డ్రమ్స్ మోసుకుని ఎక్కాలి. ఎండాకాలం వెళ్లకండి, టేక్ తీసేటప్పుడు చప్పుడు రాకుండా ఏసీ ఆపుతారు, గది వేడెక్కేసరికి గిటార్ తీగలు శ్రుతి జారతాయి, ప్రతి టేక్‌కి మళ్లీ ట్యూన్ చేసుకోవాలి. క్రిస్మస్ ముందు రెండు నెలలు కూడా కష్టం, స్టూడియో మొత్తం ఆ పాటలతో నిండిపోతుంది, మా వాళ్ల రెండో మిక్స్ ఆలస్యమైంది అందుకే. ఆలస్యమవుతుందని ముందే చెప్పి ఉంటే బాగుండేది, ఫోన్ ఎత్తకపోవడం మాత్రం బాలేదు.

నాలుగో పాట ఇంకా పూర్తికాలేదు. గది పైకప్పు కిందకి ఉండటం వల్ల ఓవర్‌హెడ్ మైకుల్లో సింబల్స్ పైకి కొట్టుకుని తిరిగొచ్చిన శబ్దం కలిసిపోయింది, ఆ పాటలో డ్రమ్మర్ మొదటి నుంచి చివరి దాకా క్రాష్ సింబల్ మీదే ఉంటాడు, ఈక్యూతో (శబ్దంలో కొన్ని భాగాలు పెంచి తగ్గించేది) ఎంత తీసినా ఆ కరకు పోవడం లేదు, ఇంకా తీస్తే స్నేర్ చచ్చిపోతోంది. ఇది మిక్స్‌లో పోయేది కాదని ఇంజనీరే ఒప్పుకున్నాడు. ఓవర్‌హెడ్లు కిందకి దించి, పైన మందపాటి రజాయిలు కట్టి, ఆ పాటకి డ్రమ్స్ ఒక్కటీ మళ్లీ తీద్దామన్నాడు. ఏలూరు రోడ్డు హారన్లు తగ్గాక, రాత్రి పది తర్వాత స్లాట్ ఇచ్చాడు, వచ్చే వారమే.